మొదటి ఈల ఎవరిది?

“మొదటి ఈల నేను ఊదలే సార్.”

మధ్యాహ్నం ఒకటీ నలభై. గోదావరిఖని ఔట్‌పోస్టులో, బెంచీ కాలికి బేడీ తగిలించి కూర్చోబెట్టిన బొగ్గు బాయి గ్యాంగు సర్దార్ రాయమల్లు ఈ మాట చెప్పడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లు విన్నవాళ్లు రాసుకోలేదు. ఆ ఉదయమే హైదరాబాదు నుంచి దిగిన సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ సదాశివ రాసుకున్నాడు. రాసుకొని దాని కింద ఒక గీత కూడా గీశాడు.

నాలుగింటికి జీపు వస్తుంది. పోశం అనే కార్మికుణ్ని కూలుతున్న బండ కింద పట్టి ఆపి చంపాడన్న నేరం మీద రాయమల్లును మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, అటునుంచటే జైలుకు పంపుతారు. కాగితాలన్నీ తయారు. సదాశివ చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఒక మనిషి బతుకు తేల్చడానికి సర్కారు ఇచ్చిన గడువు ఒక సినిమా ఆట కంటే తక్కువని అతను లోలోపల తిట్టుకున్నాడు.

“మొదటి నుంచి చెప్పు. టైములతోని సహా.”

“నిన్న ఫస్ట్ షిఫ్టు సార్. పోచమ్మవాగు బాయి, మూడో లెవెలు. మాది బొగ్గు స్తంభాలు తీసుడు పని. తీసుకుంట ఎనుకకు వస్తుంటం. తీసిన జాగల పైబండ పడ్తది. పడాలె గూడ. పడే ముందు ఆపుగ పెట్టిన దుంగలు పటపటమంటయి. గప్పుడు సర్దార్ ఈల ఊదుతడు, అందరు ఉరుకుతరు. గంతే సార్ మా చదువు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ హెడ్ కానిస్టేబులు బిక్షం కల్పించుకున్నాడు. అతని అన్నదమ్ములు ముగ్గురూ బాయి పనివాళ్లే. “ఇక్కడ టాకీసుల గూడ ఎవ్వడు ఈల ఎయ్యడు సార్. కొత్తోడెవడన్న ఏస్తే సగం హాలు లేచి తలుపు దిక్కు ఉరుకుతది. ఎనుకసిరి ఆణ్ని పట్టుకొని తంతరు.”

సదాశివ తల ఊపాడు. “నిన్నటి ఈల సంగతి చెప్పు.”

“పదకొండు ముప్పై ఎనిమిదికి ఇనవడ్డది.”

“అంత కచ్చితంగా ఎట్ల తెలుసు?”

“లోపల గడియారం ఉండేది సర్దారుకు, ఆఫీసర్లకే. ఈల ఇంటే టైము డైరీల ఎక్కియ్యాలె. ఎక్కిచ్చిన. నా డైరీ మీ కాడనే ఉన్నది.”

నిజమే. నిన్న రాయమల్లు పైకి రాగానే డైరీ గుంజుకొని లక్క ముద్ర వేశారు. ఆ ముద్ర పగలగొట్టింది ఈ ఉదయం సదాశివే. చివరి పేజీలో ఒకే ఒక్క పంక్తి: ‘11.38 ఈల. నాది కాదు.’

“నా కింద ఆరుగురు. ఈల ఇనంగనే ఐదుగురు ఉరికిండ్రు, నేను గూడ ఉరికిన. కూడలి కాడ లెక్కవెట్టిన. పోశం లేడు. జూస్తే బండ పడలే, దుంగ చప్పుడు లేదు. ఎవలో ఉత్తగనే ఊదిండ్రనుకొని పోశంను తెద్దామని ఎనుకకు పోయిన. నిలవడి ఉన్నడు సార్.”

“నిలబడి ఏం చేస్తున్నడు?”

“ఏం చేస్తలేడు. రెండు కాళ్లు దగ్గరికి పెట్టుకొని, నడుముకున్న ల్యాంపు బ్యాటరీ మీద బొటనవేలు ఒత్తిపట్టి నిలవడ్డడు. కండ్లు తెరిచే ఉన్నయి. మొకమంత చెమట. ఏందిరా అంటె పలుకడు. గంతల్నే దుంగలు పటపటమన్నయి. ఇగ నిజంగనే. నేను ఈల ఊదిన. ఊదంగనే ఇంకింత బిగుసుకపోయిండు. గుంజిన సార్. రెండు చేతుల పట్టి గుంజిన. పాతిన దుంగ లెక్క కదలడాయె. బండ దిగుతున్నది.”

 అతను తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు.

“చెయ్యి ఇడిసిన. గది నిజం. గది గూడ రాసుకోండ్రి.”

కూడలి దగ్గర నుంచి ఐదుగురు చూసింది రెండు దీపాలు పెనుగులాడటం. తర్వాత ఒక్క దీపమే వచ్చింది. కేసంతా ఆ రెండు దీపాల మీదే కట్టారు. దానికి తోడు, రెండు రోజుల ముందు రాయమల్లు అందరిముందూ పోశంను చెంపదెబ్బ కొట్టి ‘వీడు నా గ్యాంగుల వద్దు’ అన్నాడు.

“ఎందుకు కొట్టినవ్?”

“పోయినేడు బండ కింద పడి బతికినోడు సార్ వాడు. ఈల అంటె అందరికన్న ముందు ఉరికేటోడు. గసొంటోడు మొన్న ఈల ఊదితె ఆఖరుకు కదిలిండు. తాగినవా అని కొట్టిన. నోరు వాసన చూసిన. తాగలే. నాకు భయమైంది. గా భయానికే కొట్టిన.”

రెండు గంటలకు సదాశివ వరండాలోకి వచ్చాడు. పోశం భార్య సమ్మవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. పోశం అన్నం గిన్నె, తలగుడ్డ తీసుకుపొమ్మని కబురు పెడితే వచ్చింది. రాయమల్లును చూస్తే మన్నెత్తి పోస్తుందని కానిస్టేబుళ్లు ఎదురుచూస్తున్నారు. ఆమె అటువైపు ఒక్క మాట కూడా విసరలేదు.

“చెల్లె, ఈ మధ్య పోశం ఏమన్న మారిండా?”

“భయం పోయింది సార్,” అంది సమ్మవ్వ.

ఆ మాట ఎంత చేదుగా అందంటే సదాశివ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

“పోయినేడు మా తమ్ముడు, ఆయన ఒక్క కాడనే పని చేసిండ్రు. బండ పడ్డది. తమ్ముడు పోయిండు, ఈయన బతికిండు. అప్పటిసంది బాయి దిగాలంటె వాంతులు. పట్నం డాక్టరు వచ్చిండు, భయం తీస్తడు, పోకుంటె పేరు కొట్టేస్తమని ఆఫీసరు చెప్పిండు. గట్లనే బండ కింద పడి బతికినోళ్లు మొత్తం ఆరుగురు పోయిండ్రు. రెండు నెలలు. గంట సేపు కుర్చీల కూసుంటె మస్టరు పడ్తది, హాజరు కూలి వస్తదని సంబురపడ్డడు.”

“కుర్చీల కూసోవెట్టి ఏం జేసేటోళ్లు?”

“నెత్తికి జిగురు రాసి తీగలు అతికిచ్చేటోళ్లట. మెదడుల ఏమైతున్నదో మిషిని కాయిదం మీద గీస్తదట. కాలికి కరెంటు పెట్టేటోళ్లట. నొస్తదా అని అడిగిన. ‘కదిలితేనే పెడ్తరు సమ్మీ, కదలకుంట బటన్ ఒత్తుకొని కూసుంటె పెట్టరు’ అన్నడు.”

సదాశివ కలం ఆగిపోయింది. బ్యాటరీ మీద ఒత్తిపట్టిన బొటనవేలు కళ్లముందు కదిలింది.

“పోయిన ఆయితారం పెద్దపెల్లి పోదామని టేషన్‌కు పోయినం,” సమ్మవ్వ తనంతట తనే చెప్పుకుపోతోంది. “నేను ముంగట ఎక్కిన. గార్డు ఈల ఊదిండు. ఈయన ప్లాట్‌ఫారం మీద నిలవడ్డడు సార్. నన్ను చూసుకుంటనే నిలవడ్డడు. రైలు పోయింది. నేను రాఘవపురంల దిగి మళ్ల నడుసుకుంట వచ్చిన. ఇంటికొచ్చి ఎంత నవ్విన్నో. ఆయన నవ్వలే. నా నవ్వే నన్ను తింటున్నది ఇప్పుడు.”

ఓదార్చడం సదాశివకు చేతకాదు. ఇరవై ఏళ్ల పోలీసు ఉద్యోగం అతనికి అడగడం నేర్పింది తప్ప ఆ తర్వాత ఏం చెయ్యాలో నేర్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని ఆమే లేచింది.

“రాయమల్లన్న చంపలే సార్. శవాన్ని కడిగింది నేను. జబ్బ మీద గోళ్ల గీతలున్నయి. బయటి దిక్కు గుంజిన గీతలు. ఎనుకకు నూకితె గట్ల పడయి.”

“ఇది ఇంతకుముందు ఎందుకు చెప్పలే?”

“ఎవలన్న అడిగితె గద.”

రెండూ ఇరవై ఐదుకు అనంతరామ్ తనంతట తనే వచ్చాడు. పోచమ్మవాగు బాయి సేఫ్టీ ఆఫీసరు. కంపెనీ తరఫున ప్రమాదం మీద రిపోర్టు రాసిందీ, రాయమల్లు పేరు పోలీసుల చేతికి అందించిందీ అతనే. సదాశివకు కొత్తవాడు కాదు. ఇద్దరిదీ మంథనే. చిన్నప్పుడు సదాశివ వారాలు చేసుకొని చదువుకున్నాడు. రోజుకో ఇంట్లో అన్నం. మంగళవారం అనంతరామ్ వాళ్లింట్లో. వడ్డించే తల్లి పద్మావతమ్మ అతన్ని ఏనాడూ చిన్నచూపు చూడలేదు. ఆ లోటు కొడుకు తీర్చేవాడు.

“నువ్వా సదాశివా! సి.ఐ.డి. అంటె ఎవరో పెద్దమనిషి అనుకున్న.”

“కూసో. నిన్న పదకొండు నుంచి పన్నెండు దాకా ఎక్కడున్నవ్?”

“నా ఆఫీసుల. పన్నెండూ ఐదుకు లోపలినుంచి ఫోనొచ్చింది, అప్పుడు తెలిసింది. నన్ను గూడ బెంచీకి కట్టేస్తవా ఏంది?”

“ఐదుగురు రెండు ఈలలు విన్నమన్నరు. నీ రిపోర్టుల ఒక్కటే ఉన్నది.”

“బాయిల ఒక్క ఈల ఊదితె నాలుగు దిక్కుల మారుమోగుతది. నువ్వు ఎన్నడన్న బాయి దిగినవా?”

“లేదు.”

“దిగనోనికి ఎందుకయ్యా ఈ పంచాయితీ? వాడు పోశంను కొట్టిండు. చీకట్ల పట్టుకొని ఆపిండు. ఐదుగురు చూసిండ్రు. ఇంకేం గావాలె నీకు?”

“పోశం మొదటి ఈలకే బిగుసుకపోయిండు. అప్పటికి రాయమల్లు కూడలి కాడ ఉన్నడు.”

అనంతరామ్ నవ్వాడు. మంగళవారాలు సదాశివ అన్నానికి చాపమీద కూర్చున్నప్పుడు నవ్విన నవ్వే అది, ముప్పై ఏళ్లయినా పాతబడలేదు. “ఈల విని నిలబడే మనిషి బాయిల పుట్టలే. ఈల ఇంటే పీనుగ గూడ లేచి ఉరుకుతది.”

“భయం తీసే కుర్చీల కూసోవెట్టినంక గూడనా?”

 అనంతరామ్ గొంతు సవరించుకున్నాడు. “అది పెద్ద డాక్టర్ల పరిశోధన. నీకు నాకు అర్థమయ్యేది గాదు. ఆ గది తాళం ఇయ్య. పై నుంచి కాయిదం తే.”

సదాశివ జేబులోంచి, బాయి గదులన్నిటికీ కలిపి పొద్దున్నే తెచ్చుకున్న సోదా వారంటు తీసి బల్లమీద పెట్టాడు. అనంతరామ్ దాన్ని రెండుసార్లు చదివాడు.

“మంగళవారం మంగళవారం మా ఇంట్ల తిన్నవ్. ఇప్పుడు తిన్నింటి వాసాలు లెక్కవెడ్తున్నవ్.”

“వడ్డించింది మీ అమ్మ. ఆమె అడిగితె ఆమెకు జవాబు చెప్త. నీకు గాదు.”

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ముప్పై ఏళ్ల కింద ఆ మంగళవారాలు మింగిన మాటలన్నీ సదాశివ గొంతులోకి ఒక్కసారే వచ్చాయి. “ఈల ఇంటే ఉరుకుతరంటున్నవ్ గద. ఆ కుర్చీల కూసున్నోళ్లు ఇంక ఐదుగురున్నరు. ధైర్యముంటె వాళ్ల ముంగట ఊది చూపించు.”

అనంతరామ్ లేచాడు. “చూపిస్త. పొద్దుగూకేలోపల రిపోర్టుల రాసి చూపిస్త,” అని తాళంచెవి బల్లమీద పడేసి వెళ్లిపోయాడు. సదాశివ గడియారం చూసుకున్నాడు. రెండూ ముప్పై ఐదు. మాటల్లో తనే గెలిచాననుకున్నాడు.

మూడు గంటలకు అతను బిక్షంతో ఆ గది ముందున్నాడు. కాలనీ చివర పాత స్టోరు గది. డాక్టరు పొద్దున బండికే హైదరాబాదు వెళ్లిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల అతని దగ్గర మిషన్ నడిపే నర్సు అనసూర్య. కరీంనగర్ నుంచి వచ్చి రెండు నెలలైంది. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

“లోపల ఏది ముట్టినా నువ్వే చెప్పాలె, ఏది దేనికో,” అన్నాడు సదాశివ.

నేలకు బిగించిన కుర్చీ. కుడిచేతి కింద నల్లటి బటన్, అరిగి నున్నగా ఉంది. కాళ్ల దగ్గర ఇనుప పలక, దానికి తీగ. పక్కన బల్లమీద ఎనిమిది కలాలున్న మిషన్. గూట్లో ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేసిన కాగితపు చుట్టలు. మిషన్ పైన గోడకు ఒక మేకు. మేకుకు ఏమీ లేదు కానీ దాని కింద సున్నం మీద చిన్న తాడు ఒరిపిడి ఉంది. రోజూ ఏదో వేలాడిన జాడ.

“పోశం చుట్ట ఏది?”

“రెండో నంబరు.” అనసూర్య విప్పింది. “ఇది మొదటి రోజు సార్. ఊరికే కూసున్నప్పుడు కలాలు ఇట్ల మెల్లగ అలలు గీస్తయి. ఇక్కడ సప్పుడు ఇచ్చినం. చూడండ్రి.”

అలలన్నీ ఒక్కసారి చెదిరి కలాలు కాగితం అంచుల దాకా ఎగిరాయి.

“కరెంటు పెట్టినంక ఎగిరినయా?”

“అదే సార్. అప్పటికి కరెంటు పెట్టనే లేదు. మామూలుగ అయితె ఓ సప్పుడు, ఎంటనే కరెంటు, ఇట్ల పదిసార్లు పెడితె అప్పుడు ఆ సప్పుడుకు భయం నేర్సుకుంటరు. వీళ్లు ఆరుగురు మొదటిసారికే చెమటలు కక్కిండ్రు. డాక్టర్ సార్ మస్తు ఖుషీ అయిండు. ఎందుకిట్ల అని అనంతరామ్ సార్‌ను అడిగిండు. పల్లెటూరోళ్లు, దేనికైనా జడుస్తరని చెప్పిండు ఆయన.”

“కుర్చీల కూసున్నోళ్లను అడగలేదా?”

అనసూర్య తల దించుకుంది. రెండు నెలలు ఒక మనిషి తలకాయలో భయాన్ని మిషన్లు పెట్టి కొలిచారు. ఎందుకయ్యా నీకీ భయం అని ఆ నోటిని ఒక్కనాడూ అడగలేదు. పిల్లికి చెలగాటం అంటారు. ఇక్కడ పిల్లి చదువుకున్నది కూడా.

“ఆ సప్పుడు ఏంది?” జవాబు తెలిసే అడిగాడు సదాశివ.

“ఈల సార్. ఇత్తడి ఈల. అనంతరామ్ సార్ ఇచ్చిండు. వీళ్లకు అలవాటైన సప్పుడు అన్నడు. బాయిల ఈలంటె ఏందో నాకు నిన్ననే తెలిసింది. శవం లేచినప్పుడు ఆడోళ్లు మాట్లాడుకుంటుంటె.” ఆమె ఖాళీ మేకు వైపు చూసింది. “అరవై సార్లు ఊదిన సార్ ఆయన చెవుల. నేనే ఊదిన.”

“ఆఖరు రోజు చూపించు.”

చుట్ట చివర. ఈల దగ్గర కలాలు ఎగిరాయి. ఆ వెంటనే బటన్ నొక్కిన గుర్తు. తర్వాత కలాలు మెల్లగా సర్దుకొని మామూలు అలలు.

“అంటె భయం పోయినట్టేనా?”

“పోలే సార్. ఈల ఇంటే కదిలిన కాలికి కరెంటు. కదలకుంట బటన్ ఒత్తితె కరెంటు లేదు. తప్పించుకునుడు అంటె కదలకపోవుడే అని మెదడు నేర్సుకున్నది. ముందు భయమైతె కాళ్లు ఉరుకుతుండె. ఇప్పుడు గదే భయం బొటనవేలును ఒత్తిస్తది.”

“ఇది ఎవరికి కావాలె? డాక్టర్‌కా?”

“డాక్టర్‌కు మెదడు గీతలు కావాలె. ఈల పెట్టుమన్నది, కదిలితె కరెంటు పెట్టుమన్నది అనంతరామ్ సార్.” ఆమె ఒక ఉత్తరం తీసి ఇచ్చింది. అనంతరామ్ దస్తూరీ. షిఫ్టుకు ఆరేడుసార్లు ఈల మోగుతుంది, బండ మాత్రం ఒక్కసారే పడుతుంది; ఒకసారి చావు తప్పించుకున్నవాడు ముందు ఉరుకుతాడు, వాణ్ని చూసి గ్యాంగంతా ఉరుకుతుంది; సగం షిఫ్టు పరుగులకే పోతుంది. కాబట్టి మొదటి ఈలకు కదలకుండా నిలిచి, రెండో ఈలకు కదిలేలా వీళ్లను తయారుచేయవచ్చునేమో చూడాలి. సదాశివ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిలవడం నేర్పారు. రెండో ఈలకు కదలడం నేర్పడానికి ఇంకా టైము దొరకలేదన్నమాట!

అప్పుడు చూశాడు. చుట్ట కొసన, గీతలు అయిపోయిన ఖాళీ జాగాలో నాలుగు పంక్తులు. అదే దస్తూరీ.

‘గురువారం. బాయిలో పరీక్ష. 11.38 ఈల. నం. 2 కదలలేదు. 11.40 దాకా అదే స్థితి. ఫలితం సంతృప్తికరం.’

సదాశివ ఆ చివరి మాటను మూడుసార్లు చదివాడు. సంతృప్తికరం. పోశం బండ కింద నలిగిన పూట ఈ మాట రాయడానికి చేయి ఎట్లా ఆడిందో అతనికి అర్థం కాలేదు.

“ఇది ఎప్పుడు రాసిండు?”

“నిన్న పన్నెండున్నరకు. పొద్దున పదిన్నరకు ఈల తీసుకపోయిండు. తెచ్చి మేకుకు తగిలిచ్చి, ఇది రాసి పోయిండు. నాకు అప్పటికి ప్రమాదం సంగతే తెల్వదు సార్.”

“బిక్షం, విన్నవా?” సదాశివ గిర్రున తిరిగాడు. “పదకొండు ముప్పై ఎనిమిది అన్న టైము రాయమల్లు డైరీల ఉన్నది. ఆ డైరీ నిన్నటి నుంచి లక్క ముద్ర కింద ఉన్నది. ఉరికిన ఐదుగురికి గడియారాలు లేవు. ఇంకెవరికి తెలుస్తది ఆ టైము?”

“ఊదినోనికే సార్,” అన్నాడు బిక్షం.

“ఆఫీసుల ఉన్ననని చెప్పినోడు మూడో లెవెల్ల దీపం ఆర్పుకొని, గడియారం చూసుకుంట నిలబడ్డడు. రెండు నిమిషాలు లెక్కవెట్టిండు. దుంగలు నిజంగ పలికినంక తన దారి తను చూసుకున్నడు.”

మూడూ పదమూడు. రాయమల్లును విడిపించడానికి ఇది చాలు. జీపు రావడానికి ఇంకా నలభై ఏడు నిమిషాలుంది. సదాశివకు ఆ పూట మొదటిసారి ఊపిరి తేలికగా ఆడింది. యథాలాపంగా మేకు వైపు చూశాడు.

“నిన్న తెచ్చి తగిలిచ్చిండంటున్నవ్. మరి ఈల ఏది?”

“మీరు వచ్చే పదిహేను నిమిషాల ముంగట మళ్ల తీసుకపోయిండు సార్. ఇంకో తాళంచెవి ఆయన కాడ ఉంటది. ఏందో చూపియ్యాలె అన్నడు.”

ధైర్యముంటె వాళ్ల ముంగట ఊది చూపించు.

తన మాటే. తన నోటితోనే అన్నాడు.  కేసు తేల్చడానికి వచ్చినవాడు చిన్ననాటి కచ్చకు నోరు జారి, హంతకుడి చేతికి ఈల అందించాడు. “మిగతా ఐదుగురి పేర్లు!” అని అరిచాడు.

అనసూర్య పుస్తకం తీసింది. బిక్షం ఆమె భుజం మీదుగా చదివాడు. అన్నదమ్ముల వల్ల ఎవరు ఏ షిఫ్టో అతనికి తెలుసు. “ఒకాయన ఇయ్యాల పనికి నాగ పెట్టిండు, ఇంకొకాయన ఫస్ట్ షిఫ్టు చేసి పైకొచ్చి ఉంటడు. బుచ్చన్న, కొమురయ్య, ఓదెలు… ముగ్గురు సెకండ్ షిఫ్టు సార్. మూడింటికి దిగిండ్రు. మూడో లెవెలే.”

దారిలో ఔట్‌పోస్టు దగ్గర ఆగి సదాశివ తన చేత్తోనే రాయమల్లు బేడీ విప్పాడు. ఎందుకని రాయమల్లు అడగలేదు. ముగ్గురి పేర్లూ వినగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా సదాశివ తెచ్చుకున్న జీపెక్కాడు.

మూడూ ముప్పై నాలుగుకు పోచమ్మవాగు బాయి మొగదల. ల్యాంపు రూము కిటికీలోంచి పనివాడు బెదురు బెదురుగా చూశాడు.

“అనంతరామ్ సార్ ల్యాంపు ఏది?”

“రెండూ యాభై ఐదుకు పోయింది సార్. నిన్న గూడ పదకొండుకు పోయింది. రాయొద్దన్నడు… రాయలే.”

సదాశివ అతన్ని తిట్టడానికి కూడా ఆగలేదు. పక్కగదిలో లోపలికి పోయే ఫోను. చెయ్యి పెట్టబోతుండగానే అదే మోగింది.

“పైన ఎవలు? నేను సర్దార్ లింగమూర్తిని. మూడో లెవెలు కూడలి నుంచి.” గొంతులో ఉరుకు. “దుంగలు పలుకుడు షురువైంది. నా మనుషులను బయటికి తీస్తున్న. ఈల ఊదుతున్న. రాసుకోండ్రి, మూడూ ముప్పై ఆరు.”

“ఊదకు!” సదాశివ రిసీవరులోకి అరిచాడు. “నేను పోలీసు ఇన్‌స్పెక్టర్‌ను. ఈల ఊదకు. బుచ్చన్న, కొమురయ్య, ఓదెలు. ఈ ముగ్గురు ఈల ఇంటే కదలరు. నిలబడిపోతరు.”

“ఏం మాట్లాడుతున్నరు సార్? ఇరవై మంది ఉన్నరు. దుంగలు పలికినంక ఈల ఊదకుంటె ఎట్ల? ఊదకుంటె నన్ను ఉరి తీస్తరు.”

ఊదితే ముగ్గురు. ఊదకపోతే ఇరవై మంది. ఈ లెక్క ఏ బడిలోనూ చెప్పలేదు. 

రాయమల్లు అతని చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు. “లింగన్నా, నేను రాయమల్లును. నా మాట ఇను. ఈల ముట్టకు. పేరు పేరున ఒర్రు. ‘బుచ్చన్నా, దా’ అను. పేరుకు కదుల్తరు, ఈలకు కదలరు. ముగ్గురి చేతులు ముగ్గురికి పట్టియ్యి. పోశం చెయ్యి నేను ఇడిసిన. నువ్వు ఇడువకు. జల్ది!”

“సరే రాయన్నా,” అంది అవతలి గొంతు. రిసీవరు వేలాడేసినట్టు టకటకమని చప్పుడు. దూరంగా లింగమూర్తి కేక: “బుచ్చన్నో! కొమురన్నో! ఓదెలూ, దా బిడ్డా!” ఎవరో పలికారు. అడుగుల చప్పుడు. ఒకరు, ఇద్దరు, గుంపు. రాయమల్లు పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. సదాశివ కూడా రిసీవరుకు చెవి ఆనించాడు. ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

అప్పుడు వినిపించింది. సన్నగా, పొడుగ్గా, తెగకుండా ఒకటే ఈల.

అడుగుల చప్పుడులో కొన్ని ఆగిపోయాయి.

“లింగన్నా!” రాయమల్లు గొంతు చీరుకుపోయింది. “ఊదద్దంటి గదనే!”

రిసీవరును ఎవరో దొరకబుచ్చుకున్నారు. రొప్పు. దాని వెనక దుంగలు విరుగుతున్న చప్పుడు.

“నేను ఊదలే రాయన్నా,” అన్నాడు లింగమూర్తి. “ఈల నా జేబుల్నే ఉన్నది.”